క్యాండిడ్ అనే ఆంగ్ల విశేషణం: అర్థమేమిటి, ఎక్కడ ఎలా వాడాలి?

అనువాద విద్యార్థిని (ప్రశ్న):

పెద్దలందరికీ నమస్కారం. నేను ఆంగ్లం నుంచి తెలుగులోకి వ్యాసాలనూ ముఖాముఖీలనూ అనువదించడం నేర్చుకుంటున్నాను. ఈ మధ్య "క్యాండిడ్" అనే విశేషణం తరచుగా ఎదురవుతోంది. దాని దగ్గర కలం ఆగిపోతోంది. నిఘంటువులో "నిష్కపటమైన", "అరమరికలు లేని" అన్న అర్థాలు కనిపిస్తున్నాయి. ఒక క్రీడాకారిణి తన గాయం గురించీ, ఆ తర్వాత తాను లోనైన కుంగుబాటు గురించీ క్యాండిడ్‌గా మాట్లాడారని ఉన్నచోట ఈ అర్థాలు ఎలాగో సరిపోయాయి. కానీ రెండు దేశాల ప్రతినిధుల మధ్య క్యాండిడ్ చర్చలు జరిగాయన్న వార్తలో "అరమరికలు లేని చర్చలు" అని రాస్తే, వారు ఎంతో స్నేహంగా కబుర్లు చెప్పుకున్నారన్న భావం వస్తోంది. వార్తలోని మిగతా భాగం చదివితే మాత్రం, వారికి ఏ విషయంలోనూ ఏకాభిప్రాయం కుదరలేదని తెలుస్తోంది. ఇక "క్యాండిడ్ ఫొటో"ను "నిష్కపటమైన ఛాయాచిత్రం" అంటే ఎవరికీ అర్థం కాదు.

ఫ్రాంక్, ఓపెన్, ఆనెస్ట్, బ్లంట్ అనే మాటలు కూడా ఇదే అర్థానికి దగ్గరగా వినిపిస్తాయి. వీటన్నిటినీ "నిష్కపటమైన" అనో "దాపరికం లేని" అనో ఒకే మూసలో పోసేస్తే మూల రచయిత ఆ మాటను ఏరుకున్న శ్రమంతా వృథా అవుతుందేమోనని నా బాధ. వీటి మధ్య తేడాలను ఉదాహరణలతో వివరించగలరా? మరొక సందేహం కూడా ఉంది. ఒక ఉద్యోగిని వార్షిక పనితీరు నివేదికలో, సమావేశాలలో ఆమె క్యాండిడ్‌గా ఉంటారని పై అధికారి రాశారు. ఇది మెచ్చుకోలా, మర్యాదగా చెప్పిన ఫిర్యాదా?

పదాల వెంట:

మీ ప్రశ్న నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఈ మాటను ఒక్క తెలుగు పదంతో సరిపెట్టే ప్రయత్నంలోనే దాని అసలు బలం పోతుంది. ముందుగా ఆనెస్ట్ నుంచి దీన్ని విడదీసి చూద్దాం, మిగతావన్నీ ఆ తేడా మీదే ఆధారపడతాయి.

అబద్ధం చెప్పని మనిషి ఆనెస్ట్. అయితే అబద్ధం చెప్పకుండానే ఎంతో దాచిపెట్టవచ్చు. అడిగిన దానికి నిజమైన జవాబే ఇస్తూ, అడగని దాన్ని కడుపులోనే పెట్టుకున్న వ్యక్తిని ఆనెస్ట్ అనడానికి అభ్యంతరం ఉండకపోవచ్చు గాని, క్యాండిడ్ అని మాత్రం ఎవరూ అనరు. దాచుకోవడానికి వీలున్నదీ, దాచుకుంటే తనకు మేలు జరిగేదీ, బయటపెడితే ఇబ్బంది కలిగించేదీ అయిన ఒక విషయం ఉండాలి. ఆ విషయాన్ని మనిషి తనంతట తానుగా చెప్పాలి. అప్పుడే ఆ మాట సార్థకమవుతుంది. ఒకరు తమకు సంగీతమంటే ఇష్టమని చెప్పినప్పుడు, అది ఎంత నిజమైనా, వారు క్యాండిడ్‌గా మాట్లాడారని ఆంగ్ల రచయిత రాయడు. తమ సంస్థ నష్టాలకు తమ నిర్ణయమే కారణమని అధిపతి ఒప్పుకుంటే రాస్తాడు. క్రీడాకారిణి కుంగుబాటు గురించి మీరు చూసిన వాక్యం కూడా ఈ కోవలోనిదే: దాచుకునే వీలున్న బాధను ఆమె దాచుకోలేదు.

ఫ్రాంక్ అనే మాట దీనికి అతి దగ్గరి చుట్టం. చాలా వాక్యాలలో ఒకదాని బదులు మరొకటి పెట్టినా పెద్ద నష్టం లేదు. అయినా వాటి మొగ్గులో తేడా ఉంది. ఫ్రాంక్‌లో మొహమాటం లేకపోవడం ముఖ్యం. ఎదుటివారి గురించిగాని, ఒక విషయం గురించిగాని తన అభిప్రాయాన్ని నీళ్లు నమలకుండా చెప్పేవారు ఫ్రాంక్. క్యాండిడ్‌లో దాపరికం లేకపోవడం ముఖ్యం. అభిప్రాయం మాత్రమే కాదు, లోపల ఉన్న సంగతి, అందులోనూ తనకే చిక్కు తెచ్చే సంగతి బయటికి వస్తుంది. అందుకే నా దృష్టిలో ఫ్రాంక్‌కు "నిర్మొహమాటమైన" అన్నదీ, క్యాండిడ్‌కు "దాపరికం లేని" అన్నదీ మొదట తట్టవలసిన మాటలు. సందర్భాన్ని బట్టి వీటిని మార్చుకోవచ్చు.

బ్లంట్ సంగతి వేరు. అది చెప్పిన విషయాన్ని కాక, చెప్పిన తీరును వర్ణిస్తుంది. ఎదుటివారు నొచ్చుకుంటారేమోనన్న ఆలోచన లేకుండా, కుండబద్దలు కొట్టినట్టు చెప్పడం బ్లంట్. క్యాండిడ్‌గా మాట్లాడే మనిషి ఎంతో మృదువుగా, మాటను తూచి తూచి మాట్లాడవచ్చు. బ్లంట్‌గా మాట్లాడే మనిషి తన గురించి ఒక్క ముక్క కూడా బయటపెట్టకపోవచ్చు. ఈ రెంటినీ కలిపేసి క్యాండిడ్‌కు "ముక్కుసూటి" అని రాసిన అనువాదాలు నేను చూశాను. అలా రాస్తే, తన బలహీనతను నెమ్మదిగా చెప్పుకున్న మనిషి కాస్తా పాఠకుడి కళ్లకు కటువుగా మాట్లాడే మనిషిలా కనిపిస్తాడు. ఇది చిన్న పొరపాటు కాదు, వ్యక్తి స్వభావమే మారిపోతుంది.

ఓపెన్ వీటన్నిటికంటే విశాలమైనది. దానికి రెండు దిక్కులున్నాయి. లోపలి మాట బయటికి రానివ్వడం ఒకటి, బయటి మాటను లోపలికి రానివ్వడం మరొకటి. సూచనలు స్వీకరించడానికి సిద్ధంగా ఉన్నవారిని కూడా ఓపెన్ అంటారు. క్యాండిడ్‌కు మొదటి దిక్కు మాత్రమే ఉంది. ఇతరుల మాటను విని మనసు మార్చుకునే గుణం అందులో లేదు. ఎంతో క్యాండిడ్‌గా మాట్లాడి, ఎదుటివారి మాట ఒక్కటీ చెవిన పెట్టని వారు ఉండవచ్చు. వాక్యంలో ఎటువైపు తెరుచుకోవడం గురించి చెబుతున్నారో చూసుకుంటే ఈ రెంటి మధ్య తికమక రాదు.

వ్యాకరణం గురించి కొద్దిగా. మనిషి ముందు "విత్" వస్తుంది, విషయం ముందు "అబౌట్" వస్తుంది. "షీ వాజ్ క్యాండిడ్ విత్ అజ్ అబౌట్ ది డిలే" అంటే, ఆలస్యానికి అసలు కారణమేమిటో ఆమె మా దగ్గర దాచకుండా చెప్పారని భావం. క్రియావిశేషణం "క్యాండిడ్లీ". నామవాచకం "క్యాండర్". బ్రిటిష్ వర్ణక్రమంలో దీని చివర "ఓ, యు, ఆర్" ఉంటాయి, అమెరికన్ వర్ణక్రమంలో "యు" ఉండదు. "క్యాండిడ్‌నెస్" అన్న రూపం కూడా ఉంది గాని వాడుక తక్కువ. ఉచ్చారణలో ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది, రెండవ అచ్చు హ్రస్వం. దాన్ని సాగదీసి "క్యాండీడ్" అంటే, చక్కెర పాకం పట్టిన పండు అన్న వేరే మాట అవుతుంది.

నిఘంటు ప్రియుడు:

పదాల వెంట గారు ప్రస్తుత వాడుకను చక్కగా వివరించారు. ఈ మాట నడిచి వచ్చిన దారిని కూడా చూస్తే, పాత రచనలు చదివేటప్పుడు ఎదురయ్యే ఒక పెద్ద చిక్కు విడిపోతుంది కాబట్టి కొంచెం విస్తరించి రాస్తున్నాను.

దీని మూలం "కాండిదుస్" అనే లాటిన్ విశేషణం. దానికి తెల్లని అని అర్థం, కాని ఉత్త తెలుపు కాదు. లాటిన్‌లో మామూలు తెలుపుకు "ఆల్బుస్" అనే మాట వేరుగా ఉంది. మెరిసే తెలుపు, వెలుగు చిమ్మే తెలుపు కాండిదుస్. ప్రకాశించడమనే అర్థం గల క్రియ నుంచి అది పుట్టింది. క్యాండిల్, క్యాండిడేట్ అన్న మాటలూ ఆ కుదురువే. రోమన్ కాలంలో పదవులకు పోటీ చేసేవారు సుద్దతో తెల్లగా మెరిపించిన వస్త్రం ధరించి ప్రజల ముందుకు వచ్చేవారు, అందుకే అభ్యర్థికి ఆ పేరు వచ్చింది. ఇండో యూరోపియన్ భాషల చరిత్ర చదివినవారు మరొక అడుగు వెనక్కి వెళ్తారు. ప్రకాశించడమనే అర్థంలో పునర్నిర్మించిన అదే ధాతువు నుంచి సంస్కృతంలోని "చంద్ర" శబ్దం వచ్చిందని వారు చెబుతారు. అంటే మనం రోజూ పలికే చంద్రుడికీ ఈ ఆంగ్ల విశేషణానికీ దూరపు బంధుత్వం ఉంది. ఇది తెలిసిన నాటి నుంచి ఈ మాట మీద నాకు ప్రత్యేకమైన మమకారం ఏర్పడింది.

ఆంగ్లంలోకి 17వ శతాబ్దంలో వచ్చినప్పుడు మొదట తెలుపు అన్న అర్థంతోనే వచ్చింది. ఆ తర్వాత మచ్చలేని మనసు, పక్షపాతం లేని మనసు అన్న భావాలు చేరాయి. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో తెలుపు అన్న అర్థాన్ని మొదట ఇచ్చి, ఆ వాడుక అరుదని చెప్పి, ఆ తర్వాత ద్వేషం లేని, మోసం లేని, న్యాయమైన, దాపరికం లేని అన్న అర్థాలను వరుసగా పేర్చారు. ఈ వరుసలో ద్వేషం లేకపోవడమే ముందు రావడం గమనించదగినది. 18వ శతాబ్దపు పాఠకుడికి క్యాండిడ్ అంటే ప్రధానంగా ఇతరుల పట్ల సద్భావంతో ఉండేవాడు, ఎదుటివారి పనులకు మంచి ఉద్దేశాన్నే ఆపాదించేవాడు. ఆనాటి రచయితలు తమ పుస్తకాల ముందుమాటలలో క్యాండిడ్ పాఠకులను ఉద్దేశించి విన్నవించుకునేవారు. అక్కడ వారు కోరింది కఠినమైన నిజాన్ని కాదు, దయగల తీర్పును.

ఈ పాత అర్థానికి స్పష్టమైన సాక్ష్యం జేన్ ఆస్టిన్ 1813లో ప్రచురించిన "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్"లో ఉంది. ఎలిజబెత్ తన అక్క జేన్ స్వభావాన్ని వర్ణిస్తూ, అందరిలోని మంచినే తీసుకుని, దాన్ని ఇంకా మంచిగా చేసి చూపి, చెడు గురించి ఏమీ చెప్పకపోవడాన్ని క్యాండిడ్‌గా ఉండడమంటుంది. ఆ వాక్యాన్ని ఈనాటి అర్థంతో చదివితే తల తిరుగుతుంది. చెడు గురించి పెదవి విప్పని మనిషిని ఈ రోజు ఎవరూ ఆ మాటతో పిలవరు. అనువాదకులు ఇలాంటి చోట "దాపరికం లేని" అని రాస్తే మూలానికి పూర్తిగా విరుద్ధమైన అర్థం వస్తుంది. "సహృదయత" అన్నదే అక్కడ సరైన మాట అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అయితే ఈ మార్పు ఒక్కరోజులో జరగలేదు, రెండు అర్థాలూ చాలాకాలం పక్కపక్కనే నడిచాయి. "క్యాండిడ్ ఫ్రెండ్" అనే పదబంధమే దీనికి నిదర్శనం. స్నేహం ముసుగులో మనసు నొప్పించే మాటలన్నీ చెప్పేవాడని దానికి అర్థం. జార్జ్ కానింగ్ 1798లో రాసిన రాజకీయ వ్యంగ్య కవితలో, శత్రువును ఎదుర్కోగలను గాని ఇలాంటి మిత్రుడి బారి నుంచి నన్ను కాపాడమని దైవాన్ని వేడుకునే భావం ఉంది. అంటే ఆస్టిన్ నవల రావడానికి ముందే, నచ్చని నిజాన్ని చెప్పడమన్న అర్థం జనం నోట నలుగుతోంది.

ఫ్రెంచి భాషలో ఇదే మూలం నుంచి వచ్చిన "కాందీద్" అన్న మాట మరో దారి పట్టి అమాయకుడు, లోకం తెలియనివాడు అన్న అర్థంలో స్థిరపడింది. 1759 నాటి వోల్టేర్ కథానాయకుడికి ఆ పేరు ఎందుకు పెట్టారో దీన్ని బట్టి తెలుస్తుంది. కనుక ఫ్రెంచి నుంచి ఆంగ్లంలోకి వచ్చిన రచనను మళ్లీ తెలుగు చేసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఫ్రాంక్ చరిత్ర క్లుప్తంగా చెబుతాను. గాల్ దేశాన్ని, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని, జయించిన ఫ్రాంకులు అనే జర్మానిక్ తెగ పేరు నుంచి అది వచ్చింది. వారి పాలనలో పూర్తి స్వాతంత్ర్యం ఉన్నవారు వారే కావడంతో ఆ పేరుకే స్వతంత్రుడన్న అర్థం వచ్చింది. ఎవరికీ జంకకుండా మాట్లాడడమన్న భావం ఆ స్వాతంత్ర్యం నుంచి పుట్టిందే. ఇటు వెలుగూ అటు స్వేచ్ఛా మూలాలుగా ఉన్న ఈ రెండు మాటలూ ఇంత దగ్గరికి రావడం భాషా చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన విషయాలలో ఒకటి.

వెలుగునీడలు:

ఫొటోల గురించి అడిగారు కాబట్టి, ఛాయాగ్రహణం వృత్తిగా ఉన్నవాడిగా నాకు తెలిసినది రాస్తున్నాను. మా వృత్తిలో "క్యాండిడ్" అంటే, ఫొటో తీయించుకుంటున్న స్పృహ లేకుండా, పోజు పెట్టకుండా ఉన్న మనిషిని తీసిన చిత్రం. రహస్యంగా తీయడం దీనికి తప్పనిసరి కాదు. కెమెరా అక్కడ ఉందని తెలిసినా, ఆ క్షణంలో దాన్ని మరిచిపోయి తన పనిలోనో, తన నవ్వులోనో మునిగి ఉంటే చాలు.

1920లకు ముందు ఇలాంటి చిత్రాలు తీయడం చాలా కష్టం. కెమెరాలు బరువైనవి, వెలుతురు తక్కువైన గదులలో మెరుపు పొడి వెలిగించక తప్పేది కాదు, జనం కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. 1924లో వెలుతురును బాగా గ్రహించే లెన్సుతో ఎర్మనాక్స్ కెమెరా, 1925లో 35 మిల్లీమీటర్ల ఫిల్ము వాడే లైకా కెమెరా మార్కెట్లోకి రావడంతో పరిస్థితి మారింది. జర్మనీకి చెందిన ఎరిక్ సాలమన్ ఎర్మనాక్స్ పట్టుకుని న్యాయస్థానాలలోకీ దౌత్య సమావేశాలలోకీ వెళ్లి, పెద్ద పెద్ద నాయకులు కునికిపాట్లు పడుతుండగా, చెవిలో గుసగుసలాడుకుంటుండగా తీసిన చిత్రాలు ప్రసిద్ధి పొందాయి. "క్యాండిడ్ కెమెరా" అన్న మాటకు ప్రచారం వచ్చింది ఆయన చిత్రాల వల్లనే. 1948లో అమెరికా టెలివిజన్‌లో ఆలెన్ ఫంట్ మొదలుపెట్టి, ఆ తర్వాత అదే పేరు పెట్టిన కార్యక్రమం దాన్ని ఇంటింటి మాట చేసింది. అంతకు ముందు ఏడాదే అది "క్యాండిడ్ మైక్రోఫోన్" పేరుతో రేడియోలో వచ్చింది.

ఇక్కడ ఒక సూక్ష్మమైన తేడా ఉంది. మాట విషయంలో క్యాండిడ్‌గా ఉండేది మాట్లాడే మనిషి, అది అతని నిర్ణయం. ఫొటో విషయంలో చిత్రంలోని మనిషి ఏ నిర్ణయమూ తీసుకోడు. దాచుకునే అవకాశమే అతనికి రాలేదు. అందుకే తెలుగులో ఈ రెంటికీ ఒకే మాట కుదరదు. "పోజు పెట్టకుండా ఉండగా తీసిన ఫొటో" అనిగాని, కొంచెం గ్రాంథికంగా కావాలంటే "సహజ భంగిమలోని ఛాయాచిత్రం" అనిగాని రాయండి. మా వృత్తిలో ఉన్నవారి కోసం రాస్తున్నట్టయితే "క్యాండిడ్ ఫొటో" అనే ఉంచేయడం మేలు, అందరికీ అదే అర్థమవుతుంది.

అనువాద విద్యార్థిని:

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఆస్టిన్ ఉదాహరణ చదివాక, పాత నవలలలో ఈ మాట కనిపించిన ప్రతిచోటా ఆగి రచనా కాలం చూసుకోవాలని అర్థమైంది. చంద్రుడితో బంధుత్వం సంగతి చాలా ఆనందం కలిగించింది.

నా మొదటి ప్రశ్నలోని రెండు విషయాలు ఇంకా మిగిలి ఉన్నాయి. దౌత్య చర్చల వార్తలో ఏమి రాయాలి? ఉద్యోగిని నివేదికలోని వాక్యాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? దీనికి తోడు, నాకు తారసపడిన ఒక వైద్య సంబంధ వ్యాసంలో "డ్యూటీ ఆఫ్ క్యాండర్" అన్న పదబంధం ఉంది. "నిజాయతీగా ఉండే విధి" అని రాస్తే సరిపోతుందా?

న్యాయపాఠి:

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. "నిజాయతీగా ఉండే విధి" అంటే సరిపోదు. సరిపోకపోవడానికి కారణం, పదాల వెంట గారు ఆనెస్ట్‌కూ దీనికీ మధ్య చూపిన తేడాయే. ఆ పదబంధం నేపథ్యం చెబితే విషయం తేటపడుతుంది.

ఇంగ్లండ్‌లోని మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రి ట్రస్టులో రోగుల సంరక్షణలో జరిగిన ఘోర వైఫల్యాలపై రాబర్ట్ ఫ్రాన్సిస్ అధ్యక్షతన బహిరంగ విచారణ జరిగి, 2013 ఫిబ్రవరిలో నివేదిక వెలువడింది. చికిత్సలో హాని జరిగినప్పుడు దాన్ని రోగికి చెప్పడం చట్టబద్ధమైన బాధ్యత కావాలని అది సిఫారసు చేసింది. దాని ఫలితంగా 2014 నవంబరులో అక్కడి జాతీయ ఆరోగ్య సేవా సంస్థలకు ఈ విధి చట్టంగా అమలులోకి వచ్చింది. 2015 ఏప్రిల్ నుంచి ఇతర ఆరోగ్య, సంరక్షణ సంస్థలకూ వర్తించింది. దీని ప్రకారం చికిత్సలో నిర్ణీత స్థాయిని మించిన హాని జరిగితే సంస్థ ఆ సంగతిని రోగికి లేదా రోగి తరఫువారికి తానే చెప్పాలి, తనకు తెలిసినంత మేరకు జరిగింది వివరించాలి, క్షమాపణ చెప్పాలి, ఆపైన రాతపూర్వకంగానూ తెలియజేయాలి.

రోగి అడిగితే నిజం చెప్పడం ఇక్కడ చాలదు. అడగడానికి రోగికి ఏమీ తెలియకపోవచ్చు. శస్త్రచికిత్సలో పొరపాటు జరిగిందన్న అనుమానమే లేని మనిషి ఏమని ప్రశ్నిస్తాడు? అందుకే తెలిసినవారే ముందుగా నోరు విప్పాలన్న నియమం అవసరమైంది. ఆ చట్టానికి ఆనెస్టీ అన్న మాటను కాక క్యాండర్ అన్న మాటను ఎంచుకోవడంలోని ఔచిత్యం నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. తెలుగులో "దాచకుండా తెలియజేయవలసిన బాధ్యత" అని రాయమని నా సలహా. కాస్త పొడవైనా అర్థం చెదరదు.

న్యాయవాదుల వృత్తి నియమాలలోనూ ఈ మాట ఇదే బరువుతో కనిపిస్తుంది. అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమావళిలో 3.3వ నియమం పేరు న్యాయస్థానం పట్ల క్యాండర్. తప్పుడు వాంగ్మూలం ఇవ్వరాదని చెప్పి అది ఊరుకోదు. తన కక్షిదారుకు నేరుగా వ్యతిరేకంగా ఉండి, ఆ న్యాయస్థానం పాటించి తీరవలసిన పూర్వ తీర్పు ఒకటి ఉందని తెలిసి, ప్రత్యర్థి న్యాయవాది దాన్ని ప్రస్తావించకపోతే, తానే దాన్ని న్యాయస్థానం దృష్టికి తేవాలని అంటుంది. గెలుపు కోసం వాదించే మనిషి చేత తన వాదనకు అడ్డుపడే తీర్పును చెప్పించడం కంటే ఈ మాటకు మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

దౌత్యం సంగతికి వస్తే, అక్కడి భాషకు దాని సంకేతాలు దానికున్నాయి. చర్చలు సుహృద్భావంతో జరిగాయంటే పెద్ద గొడవ లేదని అర్థం. నిర్మాణాత్మకంగా జరిగాయంటే కొంత ముందడుగు పడిందని అర్థం. ఫ్రాంక్ అనిగాని, క్యాండిడ్ అనిగాని, రెండూ కలిపిగాని అన్నారంటే, అభిప్రాయ భేదాలు ఉన్నాయనీ, వాటిని ఇరుపక్షాలూ ఒకరి ముఖం మీద ఒకరు చెప్పుకున్నాయనీ అనుభవజ్ఞులు చదువుకుంటారు. అందువల్ల "అరమరికలు లేని" అన్నది ఇక్కడ తప్పుదారి పట్టిస్తుందన్న మీ అనుమానం నిజమే. ఆ మాటలో దగ్గరితనం ఉంది. "ఇరుపక్షాలూ తమ అభిప్రాయాలను నిర్మొహమాటంగా చెప్పుకున్నాయి" అంటే మర్యాదా నిలుస్తుంది, లోపల పొత్తు కుదరలేదన్న సూచనా మిగులుతుంది. విభేదాలున్నాయని మాత్రం అనువాదకులు సొంతంగా చేర్చకూడదు. అధికారిక ప్రకటన కావాలని చెప్పకుండా వదిలిన దాన్ని మనం పూరించడం ధర్మం కాదు.

పదాల వెంట:

ఉద్యోగిని నివేదిక గురించి నేను చెబుతాను. ఆ ఒక్క విశేషణాన్ని బట్టి అది మెచ్చుకోలని గాని, ఫిర్యాదని గాని తేల్చలేము. అయితే ఈ మాటకు సాధారణంగా ఉన్న విలువ మంచిదే. బ్లంట్ అనదలచుకుంటే అధికారికి ఆ మాట అందుబాటులోనే ఉంది, అయినా ఆయన దాన్ని వాడలేదు. సమావేశాలలో ఇబ్బందికరమైన సంగతులను కూడా ఆమె దాచకుండా చెబుతారన్నది నేరుగా వచ్చే అర్థం. తమ బృందం పని గడువులోగా పూర్తి కాదని ముందే చెప్పేవారిని చాలామంది అధికారులు విలువైనవారిగానే చూస్తారు. అందుకే మొదట మెచ్చుకోలుగానే చదవాలి. ఆ వాక్యం తర్వాత "అయితే" అన్న మాట వచ్చి, సందర్భం చూసుకుని మాట్లాడాలనో, మాట తీరు మార్చుకోవాలనో ఉంటే అప్పుడు అర్థం తిరగబడుతుంది.

ఈ విశేషణం ముందు చేరే క్రియావిశేషణాలు కూడా ఎంతో చెబుతాయి. "రిఫ్రెషింగ్లీ క్యాండిడ్", "సర్‌ప్రైజింగ్లీ క్యాండిడ్", "అన్‌యూజువలీ క్యాండిడ్" అన్నవి పత్రికలలో తరచుగా కనిపించే జంటలు. మనసుకు హాయి కలిగించేంతగా, ఆశ్చర్యపోయేంతగా, మామూలుగా చూడనంతగా అని వాటి భావం. దాపరికం లేకపోవడాన్ని జనం ఎవరి దగ్గరా అంతగా ఆశించరని ఈ జంటలే చెప్పకనే చెబుతున్నాయి. నివేదికలో "రిఫ్రెషింగ్లీ" ఉంటే అది నిస్సందేహంగా ప్రశంస. "బ్రూటలీ క్యాండిడ్" అన్నది మాత్రం రెండువైపులా పదునున్నది. తన గురించి తాను నిర్దయగా నిజం చెప్పుకున్న ఆత్మకథకుడి విషయంలో అది గొప్ప మెచ్చుకోలు. తోటివారి మీద అలా ప్రయోగించేవారి విషయంలో మెచ్చుకోలు తక్కువ, హెచ్చరిక ఎక్కువ.

మరొక జాగ్రత్త వాక్యం మొదట్లో వచ్చే "టు బి క్యాండిడ్" గురించి. దీన్ని "నిష్కపటంగా ఉండాలంటే" అని మాటకు మాట వేస్తే తెలుగు చెవికి వింతగా ఉంటుంది. మనవాళ్లు అలాంటి చోట "ఉన్నమాట చెప్పాలంటే" అంటారు, "దాచుకోవడం ఎందుకు" అంటారు. రెండూ సహజమైనవే. ఆంగ్లంలో ఈ పదబంధం వచ్చిందంటే వెనుక వచ్చేది సాధారణంగా ఎదుటివారికి రుచించని మాటే. శుభవార్త చెప్పే ముందు దాన్ని వాడరు. తెలుగులోని "ఉన్నమాట చెప్పాలంటే" కూడా చాలావరకు అదే పని చేస్తుంది.

నిఘంటు ప్రియుడు:

"నిష్కపటమైన" అన్న నిఘంటు అర్థం గురించి ఒక్క మాట చేర్చాలి. ఆ అర్థం తప్పు కాదు, అయితే అది మనిషి స్వభావానికి చెందిన మాట. మనసులో ఒకటి, మాటలో ఒకటి లేనివాడు నిష్కపటి. క్యాండిడ్ ప్రస్తుత వాడుకలో ఎక్కువగా ఒక సందర్భానికి, ఒక మాటకు, ఒక ముఖాముఖికి అంటిపెట్టుకుని వస్తుంది. జీవితమంతా గుంభనంగా ఉన్న మనిషి ఒకే ఒక సాయంత్రం క్యాండిడ్‌గా మాట్లాడవచ్చు. ఆ సాయంత్రాన్ని బట్టి అతన్ని నిష్కపటి అనలేము. అందుకే మనుషుల స్వభావం గురించి చెప్పే వాక్యాలకే "నిష్కపటమైన" అన్నదాన్ని ఉంచుకుని, మాటల గురించి చెప్పేటప్పుడు క్రియలను ఆశ్రయించమని నా మనవి. దాచకుండా చెప్పారు, మనసు విప్పి మాట్లాడారు, ఉన్నదున్నట్టు ఒప్పుకున్నారు అంటూ క్రియతో చెబితే తెలుగు వాక్యం తేలికగా నడుస్తుంది. ఆంగ్లంలో విశేషణం ఉన్నంత మాత్రాన తెలుగులోనూ విశేషణమే ఉండాలన్న నియమం లేదు.

అనువాద విద్యార్థిని:

క్రియలను ఆశ్రయించమన్న సూచన నాకు ఎంతగానో ఉపయోగపడింది. మీ అందరి వివరణలను దగ్గర పెట్టుకుని నా వాక్యాలను తిరగరాశాను. క్రీడాకారిణి వాక్యం: "గాయం గురించీ, ఆ తర్వాత తనను కమ్ముకున్న కుంగుబాటు గురించీ ఆమె ఏదీ దాచకుండా మనసు విప్పి మాట్లాడారు." చర్చల వార్త: "ఇరుదేశాల ప్రతినిధులు తమ తమ వాదనలను నిర్మొహమాటంగా ఒకరి ముందు ఒకరు ఉంచారు." నివేదిక వాక్యం: "సమావేశాలలో ఇబ్బందికరమైన విషయాలను సైతం ఆమె దాచకుండా ప్రస్తావిస్తారు." వైద్య వ్యాసంలో "దాచకుండా తెలియజేయవలసిన బాధ్యత" అనే రాశాను. ఫొటోల వ్యాసం ఛాయాగ్రాహకులకు ఉద్దేశించినది కాబట్టి "క్యాండిడ్ ఫొటో"ను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట "పోజు పెట్టకుండా ఉండగా తీసిన" అన్న వివరణను ముందు చేర్చాను. వీటిలో ఏదైనా సవరించవలసి ఉంటే చెప్పండి.

న్యాయపాఠి:

చర్చల వాక్యంలో "వాదనలను" అన్నచోట "అభిప్రాయాలను" అని మార్చండి. మూలంలో వాదన అన్న భావం ఉన్నట్టు మీరు చెప్పలేదు, ఆ మాటతో అది న్యాయస్థానంలో జరిగిన సంగతిలా వినిపిస్తుంది. నివేదిక వాక్యంలోని "ఇబ్బందికరమైన విషయాలను సైతం" అన్నది మూలంలో నేరుగా లేకపోయినా, ఆ విశేషణంలోనే ఇమిడి ఉంది కాబట్టి దాన్ని ఉంచవచ్చు. మిగతావి నాకు సమ్మతమే.